బావమరిది పాతది అంటున్నడు, నాకు కొత్తది నచ్చింది: 37 అడుగుల బోటు ఏది కొనాలె?

ప్రశ్న: అన్నా, నమస్తే. నేను కొండాపూర్‌ల ఉంట, సాఫ్ట్‌వేర్ జాబ్, వయసు 43. ఆరేళ్ళ కింద హుస్సేన్ సాగర్‌ల సెయిలింగ్ నేర్చుకున్న, లేజర్ బోటు (ఒక్కడే నడిపే చిన్న తెరచాప బోటు) మంచిగనే నడుపుత. సింగపూర్‌ల ఉండే మా బావమరిది, నేను కలిసి మలేషియా దీవి లంకావిల ఒక క్రూయిజింగ్ బోటు కొందామనుకుంటున్నం. తిరిగి తిరిగి రెండు దగ్గర ఆగినం. ఒకటి 1983 తయానా 37, పర్కిన్స్ ఇంజన్, టేకు డెక్, 48 వేల డాలర్లు అడుగుతున్నరు. ఇంకోటి 2012 జానో సన్ ఒడిస్సీ 379, లక్షా 5 వేల డాలర్లు. బావమరిది తయానానే అంటడు, "అప్పట్ల పోసినంత మందం హల్ (బోటు ఒళ్ళు) ఇప్పుడెవడు పోస్తున్నడు, అభిలాష్ టామీ కూడ పాత మోడల్ బోటు మీదనే ప్రపంచం చుట్టొచ్చిండు" అని ఆయన వాదన. నాకేమో 379 లోపలికి పోంగనే ఇంటికొచ్చినట్టు అనిపించింది. ఏడాదికి రెండు మూడు సార్లు, పది పదిహేను రోజుల చొప్పున పోతం. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు కూడ వస్తరు, ఆవిడకు అలలు పడవు. ఎప్పటికైనా లంకావి నుంచి అండమాన్, అట్నుంచి వైజాగ్ బోటేసుకొని రావాలని కోరిక. ఏది కొనమంటవ్ అన్నా?

జవాబు: తమ్మీ, ముందుగాల మీ బావమరిది మాటే తీస్కుందాం, ఎందుకంటే ఆయన చెప్పేదాంట్ల సగం నిజం ఉంది, మనిషిని ముంచేది ఎప్పుడూ ఆ సగమే. మన నేవీల పనిచేసిన టామీ 2022-23ల, ఒంటరిగ ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసుల రెండోవాడిగ వచ్చిండు, ఆయన బోటు బయానత్ అనేది రస్ట్‌లర్ 36, 1980 నాటి డిజైను, అంతవరకు కరెక్టే. కానీ ఆయన కొత్తవి పాతవి పక్కపక్కన పెట్టి చూసి పాతది ఎంచుకోలేదు కదా, ఆ రేసు రూలే అట్లుంటది: బోటు 32 నుంచి 36 అడుగుల మధ్యల ఉండాలె, డిజైను 1988 కంటే ముందుది కావాలె, కీల్ (బోటు అడుగున బరువుండే రెక్క) ముందు నుంచి వెనక దాకా పొడుగ్గ ఉండాలె, రడ్డర్ (చుక్కాని) ఆ కీల్ వెనక అంచుకే తగిలించి ఉండాలె. 1968-69ల రాబిన్ నాక్స్-జాన్స్టన్ సుహైలీ అనే బోటు మీద 312 రోజులు ఒక్కడే ఆగకుండ తిరిగొచ్చిన కాలాన్ని మళ్ళ చూపియ్యాలని పెట్టిన రేసు అది. (సుహైలీని టేకుతోని కట్టింది మన బొంబాయిలనే, మనోళ్ళు ఈ ముచ్చట ఎందుకో చెప్పుకోరు.) ఇంకోటి, ఇదే టామీ 2018ల సుహైలీ నకలుగ గోవాల కట్టిన తురియా మీద పోయిండు, హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫాన్ల బోటు బోల్తా కొట్టి మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) పోయింది, నడుముకు దెబ్బ తగిలి కదలలేని మనిషిని వేరే ఓడలొచ్చి కాపాడినయ్. పొడుగు కీల్ ఉంటే తిరగబడదని రాసిచ్చినోడు ఎవడూ లేడు. మన హైదరాబాద్ బిడ్డ ఐశ్వర్య బొడ్డపాటి ఉన్న టీము తారిణి మీద ప్రపంచం చుట్టొచ్చినప్పుడు చూడు, 2017 ఫిబ్రవరిల నేవీల చేరిన బోటు సెప్టెంబర్‌ల గోవా నుంచి బయల్దేరింది, రంగు కూడ ఆరిందో లేదో అన్నంత కొత్తది, 254 రోజులకు ఆరుగురు ఆడపిల్లలు క్షేమంగ వచ్చిండ్రు. అది 55 అడుగుల పైన బోటు, మన లెక్కల్ల రాదనుకో, కానీ "పాతదైతేనే సముద్రానికి పనికొస్తది" అనే మాటకు జవాబు చాలు.

సరే ఇగ రెండు బోట్లను పక్కపక్కన పెడదాం. పొడుగు చూస్తే రెండూ ఒకటే, 37 అడుగులకు అటు ఇటు. బరువు చూడు: తయానా సుమారు 22,500 పౌండ్లు అంటే 10 టన్నుల పైన, 379 ఏమో 14,770 పౌండ్లు, 6.7 టన్నులు. అంటే ఒకే పొడుగుల మూడున్నర టన్నుల తేడా. నీళ్ళను తాకే పొడుగు తయానాకు 31 అడుగులు, 379కు 34 పైన, ఎందుకంటే దాని ముక్కు నిట్టనిలువుగ కోసినట్టు ఉంటది, తయానా ముక్కు ముందుకు వంగి ఉంటది, చూడ్డానికి అందం, నీళ్ళల్ల లెక్కకు రాదు. వెడల్పు 11 అడుగుల 6 అంగుళాలకు 12 అడుగుల 4 అంగుళాలు, ఇది పెద్ద తేడా కాదనిపిస్తది, కానీ తయానా నడిమిట్ల మాత్రమే అంత వెడల్పుండి వెనక్కి పోంగ సన్నబడతది, 379 నడుము దగ్గరి వెడల్పును దాదాపు చివరి దాకా తీస్కపోతది. నువ్వు లోపలికి పోంగనే ఇల్లనుకున్నది దానివల్లనే, కాక్‌పిట్ (కూసొని బోటు నడిపే చోటు) కింద డబుల్ బెడ్ పట్టేది అక్కడనే.

టాప్ స్పీడు గురించి కొట్లాడకండి. నీటిని తాకే పొడుగు అడుగులల్ల వేస్కొని, దాని వర్గమూలాన్ని 1.34తోని గుణిస్తే హల్ స్పీడు (ఆ బోటు మామూలుగ పోగలిగే టాప్ స్పీడు) నాట్లల్ల, అంటే గంటకు నాటికల్ మైళ్ళల్ల వస్తది, తయానాకు దగ్గర దగ్గర 7.5, 379కు 7.8. గంటకు మూడు ఫర్లాంగుల తేడా కోసం ఎవడూ డబుల్ పైసలు పెట్టడు. అసలు తేడా గాలి తక్కువున్నప్పుడు తెలుస్తది. బరువును టన్నులల్ల, పొడుగును ఘనం చేసి భాగించే లెక్క ఒకటుంది, డిస్‌ప్లేస్‌మెంట్-లెంత్ రేషియో అంటరు, తయానాకు అది 337 దాకా వస్తది, 379కు 167, సగం. అంటే 7-8 నాట్ల గాలికి 379 నవ్వుకుంట పోతది, తయానా ఇంజన్ వెయ్యమంటది. నువ్వు నేర్చుకున్న లేజర్ హల్ 59 కిలోలు, జులైల సాగర్ మీద చిన్న గాలి తగిలినా ఎగిరే బోటుకు అలవాటు పడ్డ చెయ్యి, తయానా తిప్పితే మొదటి రోజు ఆర్టీసీ బస్సు స్టీరింగ్ పట్టుకున్నట్టే ఉంటది. మలక్కా జలసంధి పక్క గాలి చానా రోజులు ఉండీ లేనట్టుంటది, ఇది కూడ యాదికి పెట్టుకో.

అయితే మీ ఆవిడ సంగతికొస్తే పాయింటు తయానాకే ఇస్త, ఇక్కడ మొహమాటం లేదు. బరువైన, సన్నగ, లోతుగ ఉన్న హల్ అలను కోస్కుంట మెల్లగ ఊగుతది, పాత అంబాసిడర్ల కూసున్నట్టు. తేలికగ వెడల్పుగ ఉన్న బోటు అలకు ఎదురు పోయేటప్పుడు ముక్కు కింద చదునుగ ఉన్న భాగం నీళ్ళ మీద ధబ్ ధబ్ కొడతది, రాత్రంత ఆ చప్పుడుకు పండుకోలేరు. కడుపుల తిప్పేది ఆ గబగబ కదలికనే. గాలి వెనక నుంచి వస్తే మాత్రం 379 నిలువుగ, హాయిగ పోతది, తయానా అటూ ఇటూ పొర్లుతది.

బోల్తా లెక్క ఒకటి ఇంటర్నెట్ల దొరుకుతది, మీ బావమరిది అది కూడ పంపుతడు చూడు, ముందే చెప్త. 1979 ఫాస్ట్‌నెట్ రేసుల 303 బోట్లు బయల్దేరి తుఫాన్ల చిక్కితే పోటీ చేసినోళ్ళు 15 మంది చచ్చిపోయిండ్రు, ఆ దెబ్బకు పుట్టిన ఫార్ములా అది. వెడల్పును బరువుకు సంబంధించిన ఘనమూలంతోని భాగిస్తరు, 2 కంటే తక్కువొస్తే సముద్రానికి ఓకే అంటరు. నేను వేసి చూసిన: తయానా 1.63, 379 సరిగ్గ గీత మీద, 2.01. చూసి భయపడకు, ఎందుకంటే ఆ ఫార్ములాకు బరువు ఎక్కడుందో తెల్వదు, కీల్ కింద ఉన్న ఇనుమంతా తీస్కపోయి మాస్ట్ కొనకు కట్టినా అదే నంబర్ వస్తది. అది ఒక చిన్న జల్లెడ, అంతే. అయినా సరే, రెండు బోట్లను నడిసముద్రంల తుఫాన్ల వదిలేసి ఏదాంట్ల కూసుంటవ్ అని నన్నడిగితే తయానాల కూసుంట. కానీ నువ్వు అడిగింది ఆ ప్రశ్న కాదు కదా.

హల్ మందం ముచ్చట. 60లు, 70లల్ల ఫైబర్‌గ్లాస్ కొత్త సరుకు, ఎంత పొయ్యాలెనో నమ్మకం కుదరక ఎక్కువ పోసిండ్రు, నిజమే. తయానా హల్ అసలు ఎన్నడూ సమస్య కాదు. సమస్య ఆ హల్‌కు తగిలించిన ప్రతిదీ. హల్ నలభయ్యేళ్ళు నిలబడ్డదంటే దానికి తగిలించినయ్ కూడ నలభయ్యేళ్ళవే అని అర్థం. నా సొంత కథ చెప్త. మేం ముగ్గురం దోస్తులం కలిసి 1978ల కట్టిన 35 అడుగుల బోటు ఒకటి కొన్నం, థాయిలాండ్ వైపు, రేటు చూసి. బోటును పరీక్ష చేసే సర్వేయర్‌ను బ్రోకరే చూపెడితే వానితోనే చూపిచ్చినం, అదే మొదటి బుద్ధి తక్కువ పని. పైకి వార్నిష్ మెరుస్తుంది, టేకు డెక్ చూసి మా ముగ్గురికీ కండ్లు చెదిరినయ్. ఆ టేకు పలకలను వందల స్క్రూలతోని కిందికి బిగిస్తరు, కింద ఉండేది రెండు ఫైబర్ పొరల మధ్యల బాల్సా చెక్క, ప్రతి స్క్రూ ఒక బోరుబావి అనుకో, ఇరవయ్యేళ్ళ వాన ఆ బొక్కలల్లకెళ్ళి దిగి బాల్సా నాని నానబెట్టిన అటుకుల లెక్క అయ్యింది. సుత్తితోని కొడితే టక్ అనాలె, డబ్ అంటుండె. మాస్ట్‌ను పట్టుకునే తీగలు హల్‌కు తగిలే దగ్గర చైన్‌ప్లేట్లు ఉంటయ్, స్టీలే, పైకి మెరుస్తయ్, డెక్‌ల దాగిన ముక్క మాత్రం గాలాడక తడిల కుళ్ళుతది, ఒకటి ఊడబీకి చూస్తే నడిమిట్ల బ్లేడు గీసినట్టు పగులు. ఇంధనం ట్యాంకు ఇనుపది, కింద చిల్లు, దాన్ని బయటికి తియ్యాలంటే ఫర్నిచర్ కొయ్యాలె. అన్నీ కలిపి బోటు కొన్నంత మళ్ళ పెట్టినం. పైసలు పోతే పోయినయ్, రెండు సీజన్లు బోటు నేల మీదనే ఉంది, మేం లీవు పెట్టి పొయ్యేది సెయిలింగ్‌కు కాదు, ఇసుక కాగితం రుద్దటానికి. మూడో ఏడు ఒక దోస్తు రానన్నడు, ఆ ముచ్చట ఇక్కడ వద్దులే.

నీ 1983 తయానాకు కూడ ఇవే వెతకాలె: టేకు డెక్ కింద బాల్సా, చైన్‌ప్లేట్లు, ట్యాంకులు, ముందుకు పొడుచుకొచ్చిన కర్ర బౌస్ప్రిట్ మొదట్ల కుళ్ళు. పర్కిన్స్ 4-108 మొండి ఇంజన్, బొట్లు బొట్లుగ ఆయిల్ కారుకుంటనే తరాలు నడుస్తది, దానికి నేనేం భయపడను. ఇంకో సంగతి, బోట్లు కట్టేసే మెరీనా వాళ్ళు బౌస్ప్రిట్ కొన దాకా కొలిచి కిరాయి వేస్తరు, 37 అడుగుల బోటుకు 42 అడుగుల బిల్లు వస్తది.

ఇగ 379. దాన్ని కొత్తది కొత్తది అంటున్నవ్ గని తమ్మీ, అది 2012ది. మాస్ట్ తీగలు పది పన్నెండేళ్ళకు మార్చాలె, ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేదే అది, అంటే మార్చకపోతే ఆ ఖర్చు నీదే, బేరంల తగ్గించుకో. దానికి షాఫ్ట్ ఉండదు, సెయిల్ డ్రైవ్ ఉంటది, అంటే హల్‌కు పెద్ద బొక్క కొట్టి గేర్ కాలు కిందికి దింపుతరు, నీళ్ళు రాకుండ ఆపేది ఒక రబ్బరు సీలు, దానికి ఆయుష్షుంటది, ఎప్పుడు మార్చిండ్రో బిల్లు చూపియ్యమను, నోటి మాట వద్దు. ముందల కిరాయికిచ్చే చార్టర్ కంపెనీల తిరిగిందా అని ఇంజన్ గంటలు చూస్తే తెలుస్తది.

అన్నిటికంటే ముఖ్యం కీల్. తయానాకు బరువు హల్ లోపలనే ఉంటది, నేలకు తగిలితే తగిలింది, రడ్డర్ కూడ కీల్ చాటుకు ఉంటది, మలక్కా పక్క రాత్రి పూట తేలే దుంగలు, చేపల వలలు జారి పోతయ్. 379కు పోత ఇనుము కీల్‌ను బోల్టులతోని బిగిస్తరు, ఆ బరువును మోసేది హల్ లోపల జిగురుతోని అంటించిన గ్రిడ్ అనే చట్రం. ఎప్పుడన్న గట్టిగ రాయికి తగిలితే కీల్ వెనక అంచు పైకి తంతది, ఆ జిగురు ఊడుతది, పైకి ఏం కనపడదు. 2014 మేల చీకీ రఫీకీ అనే 40 అడుగుల బోటు అట్లాంటిక్‌ల కీల్ ఊడి తలకిందులయ్యింది, నలుగురు పోయిండ్రు, బ్రిటన్ దర్యాప్తుల తేలింది ఏందంటే అంతకుముందు చానా సార్లు నేలకు తగిలి లోపల గ్రిడ్ అంటు ఊడి ఉండొచ్చని. అది వేరే మోడల్, నీ బోటుకు అట్లయితదని కాదు, కానీ బోటును పైకెత్తినప్పుడు కీల్ ముందు వైపు హల్‌కు కలిసే గీత నవ్వుతున్నట్టు తెరుసుకుందా చూడు, లోపల ఫ్లోరింగ్ పలకలన్నీ లేపి కీల్ వెనక భాగం దగ్గర గ్రిడ్ అంచులల్ల వెంట్రుక పగుళ్ళున్నయా చూడు. ఉంటే లక్షా 5 వేలు కాదు, 50 వేలకు ఇచ్చినా నమస్తే పెట్టి రా.

ఇంకో చిన్న చికాకు, ఎవరూ ముందు చెప్పరు. 379కు రెండు రడ్డర్లు, చెరొక పక్క. బోటు ఒరిగినప్పుడు ఒకటి గాల్లకు లేచినా ఇంకోటి నీళ్ళల్ల లోతుగ ఉంటది, అందుకే సముద్రంల పట్టు మస్తుంటది. కానీ మెరీనాల మెల్లగ తిప్పేటప్పుడు ప్రొపెల్లర్ తోసే నీళ్ళు రెండు రడ్డర్ల మధ్యలకెళ్ళి పోతయ్, దేనికీ తగలవు, బోటు తిరగదు. కొంచెం స్పీడు ఉంచుకోవాలె. తయానా ఏమన్న తక్కువా, ముందుకు పోంగ బుద్ధిమంతురాలే, రివర్స్ వేస్తే మాత్రం దాని ఇష్టం, నువ్వు జస్ట్ ప్రయాణికునివి.

ఇప్పుడు అసలు మాట. నువ్వు రాసిన ఉత్తరంల నాకు ముఖ్యంగ కనపడ్డది 1983 కాదు, 2012 కాదు, కొండాపూర్. పాత బోటు పాడి గేదె లాంటిది, పక్కన ఉండి చూస్కుంటే పాలిస్తది, ఊర్ల కట్టేసి పట్నంల కూసొని ఫోన్ల గడ్డి వెయ్యమంటే ఎండిపోతది. ఆ వేడికి, ఆ తేమకు మూసిపెట్టిన బోటు లోపల రెండు నెలలల్ల దిండ్ల మీద బూజు వస్తది, వార్నిష్ లేస్తది, అడుగున చేరిన నీళ్ళు తోడే బిల్జ్ పంపు ఆగిందో లేదో చెప్పేటోడు ఉండడు. ఏడాదికి ముప్పై నలభై రోజులు పోయేటోళ్ళకు ఆ రోజులు సెయిలింగ్‌కే పోవాలె, రిపేర్లకు కాదు. ఖర్చు కూడ బోటు కొన్న రేటును చూసి రాదు, పొడుగును చూసి వస్తది. 48 వేలకు కొన్న 37 అడుగుల బోటుకు తీగలు, తెరచాపలు, రంగు, క్రేన్ కిరాయి లక్షకు కొన్న 37 అడుగుల బోటుకు ఎంతనో అంతనే. కాబట్టి నా ఓటు 379కే, కీల్ దగ్గర శుభ్రంగ ఉంటే. పిల్లలు వెనక మెట్టు మీదికెళ్ళి నీళ్ళల్లకు దూకుతరు, కిటికీలు ఎక్కువ, లంగరేసినప్పుడు గాలి లోపలికి వస్తది, తయానా లోపల అంత టేకు చూడ్డానికి గుడి గర్భగృహం లెక్క గంభీరంగ ఉంటది, మధ్యాహ్నం మాత్రం వేడి కూడ అట్లనే ఉంటది.

మీ బావమరిది రేపు ఉద్యోగం వదిలేసి రెండేళ్ళు లంకావిలనే ఉంటా, చేతులకు ఎపాక్సీ జిగురు పూస్కుంటా అంటే మాట వేరు, అప్పుడు తయానా కొనుక్కోండి, నేనే వచ్చి ఇసుక కాగితం పడత.

వైజాగ్ కోరిక గురించి. లంకావి నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు పేరు శ్రీ విజయపురం) 500 నాటికల్ మైళ్ళ పైన, అక్కడి నుంచి వైజాగ్ ఇంకో 650. రోజుకు 120 మైళ్ళు వేస్కుంటే పోర్ట్ బ్లెయిర్‌కు నాలుగైదు రోజులు, వైజాగ్‌కు ఐదారు. మంచిగ తయారైన 379 ఆ పని చేస్తది, సీజన్ చూస్కుంటే. బంగాళాఖాతంల తుఫాన్లు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఒకసారి, ఏప్రిల్, మేలల్ల ఇంకోసారి ముదురుతయ్, అందుకే జనవరి, ఫిబ్రవరి పెట్టుకోండి, ఈశాన్య గాలి అప్పుడు నిలకడగ ఉంటది, పోర్ట్ బ్లెయిర్ దాకా కుడి పక్క నుంచి తగుల్తది, తర్వాత వైజాగ్ లెగ్గుల కూడ కుడి నుంచే. మొదటి లెగ్గుకు మీ ఆవిడను ఎక్కించకు, విమానంల పోర్ట్ బ్లెయిర్ రమ్మను. విదేశీ జెండా బోటును మన నీళ్ళల్లకు తెస్తే కస్టమ్స్ పని ఉంటది, అది ఏజెంటుతోని ముందే మాట్లాడుకోవాలె, వైజాగ్ వచ్చి ఆలోచిద్దాం అనుకోకండి.

అడ్వాన్స్ కట్టేముందు రెండు పనులు చెయ్యి. లంకావిల గానీ ఫుకెట్‌ల గానీ ఇట్లాంటి వెడల్పు వెనక బోటు ఒకటి వారం కిరాయికి తీస్కొని, మీ ఆవిడను పిల్లలను కూసోబెట్టి ఒక రోజంతా గాలికి ఎదురు నడుపు, ఆమె మొహమే నీ సర్వే రిపోర్టు. తర్వాత సర్వేయర్‌ను నువ్వే వెతికి పెట్టుకో, ఫీజు నీ చేతుల నుంచే ఇయ్యి, బ్రోకర్ ఇచ్చిన నంబరుకు ఫోన్ చెయ్యకు. రిపోర్టుల కీల్ పేజీ, గ్రిడ్ ఫోటోలు, సెయిల్ డ్రైవ్ సీలు బిల్లు, ఈ మూడు నాకు పంపు, బేరం ఎంతకు దిగాలెనో అప్పుడు చెప్త.